సిగ్నల్ బాబు బిగించిన తాళం

సిగ్నల్ బాబు పోయారు. శనివారం పొద్దున స్నానానికి నీళ్లు పెట్టుకుని, అవి కాగేలోపే పోయారు. నేను చర్చి తలుపు తీసి చీపురు పట్టుకున్నాను. అప్పుడే ఆయన ఇల్లాలు, మేమంతా అమ్మగారు అని పిలిచే మనిషి, ఫోను చేసింది. "అన్నయ్యా, మీ బాబు లెగట్లేదు" అంది. అంతే అంది. చీపురు అక్కడే పడేసి సుభాష్‌పల్లి దాకా నడిచాను. రిక్షా పిలవాలని కూడా తోచలేదు.

ఆయన గురించి మన తెలుగువాళ్ల పత్రికలో ఎవరైనా రాయాలని చర్చి కార్యదర్శి అన్నాడు. చదువుకున్నవాళ్లు రాస్తే దయామయుడు, శాంతస్వభావి అని రాసేస్తారు. ఆయన అదేమీ కాదు. కోపిష్టి. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. అందుకని నేనే రాస్తున్నాను. నా రాతలో తప్పులుంటే దిద్దండి. మాట మాత్రం మార్చకండి.

ఆయన రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరు చేశారు. నేను నిమ్‌పురా ఇంజన్ల షెడ్డులో ఖలాసీని. ఆయన నాకు పై అధికారి కాదు, నేను ఆయన కింద మనిషిని కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆయన నన్ను "ఏటోయ్ ఖలాసీ" అని పిలిచేవారు. నేను "ఏటి బాబూ" అనేవాణ్ణి. రిటైరైన తరువాత సుభాష్‌పల్లిలో ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నాం. ఆయన చొక్కా జేబులో కలం పక్కన టెస్టర్ ఉండేది. పెళ్లికి వెళ్లినా ఉండేది. ఎవరింటికి పిలిచినా ముందు స్విచ్చు బోర్డు వైపు చూసేవారు, తరువాతే ఇంటివాళ్ల వైపు. ఒకసారి పెళ్లిచూపులకని పెద్దమనిషిగా తీసుకెళ్తే, పిల్లని చూడకుండా ఫ్యాను రెగ్యులేటర్ విప్పి కూర్చున్నారు. సంబంధం కుదిరింది. ఫ్యానూ బాగయింది.

మా చర్చి చిన్నది. తాతల కాలంలో రైలు పనికి వచ్చిన తెలుగువాళ్లు కట్టుకున్నది. నౌకరీ అయిపోయిన దగ్గరనుంచి దాని తలుపు తీసేదీ వేసేదీ నేనే. నన్ను ఎవరూ పెట్టలేదు. నాకు నేనే పెట్టుకున్నాను. తాళాల గుత్తి నడుముకి ఉండేది. నడుస్తుంటే చప్పుడయ్యేది. పూరీ గేట్ దగ్గర టీ కొట్టు నడిపే బెంగాలీ దీదీ ఆ చప్పుడు విని, నేను మలుపు తిరగకముందే గ్లాసు కడిగేది.

నాలుగేళ్ల కిందట చర్చిలో మైకు యాంప్లిఫైయరు పోయింది. తాళం ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవితో తీసి, పట్టుకుపోయి, మళ్లీ వేసి వెళ్లారు. అప్పుడు లెక్కపెడితే తలుపుకి మారుచెవులు తొమ్మిది బయటపడ్డాయి. పాటల వాళ్ల దగ్గర ఒకటి, ఆదివారం బడి టీచరమ్మ దగ్గర ఒకటి, బదిలీ అయి వెళ్లిపోయినవాళ్ల దగ్గర ఎన్నో. అసలు చెవి మాత్రం నాది. కమిటీ కూటంలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఎవరూ నా మొహం చూడలేదు. మాట అనడం కంటే అది ఎక్కువ.

సిగ్నల్ బాబు లేచి నిలబడ్డారు.

"సెవి ఎవుడి కాడుందని అడిగితే రేపటి దాకా కొట్టుకుంటారు. తలుపు ఎవుడు తీసినాడో తలుపే సెప్పాల. ఏలు పెడితే తెరుసుకునే మెసినుంది. నాను పెడతాను."

"బాబూ, నీకు వచ్చేటి అది?" అన్నాడు కార్యదర్శి.

"మూడు లైన్ల జంక్షన్లో బండ్లు గుద్దుకోకుండా సూసినాను. నీ ఒక్క తలుపు నాకు రాదేటి?"

పది రోజులు పట్టింది. నిచ్చెన పట్టుకున్నది నేను. ఆయన పని చూస్తుంటే షెడ్డులో పాత మేస్త్రీలు గుర్తొచ్చేవారు. తలుపు చట్రంలో ఉలితో చెక్కి, కరెంటుతో పనిచేసే చిన్న ఇనుప గొళ్లెం దింపారు. పాత తాళం నాలుక ఆ గొళ్లెంలో చిక్కుకుని ఉంటుంది. బయట గోడకి వేలి మెషిను. లోపల గోడకి ఒక బొత్తాం, బయటికి వెళ్లేటప్పుడు నొక్కడానికి. మెషినో బొత్తామో చెబితే గొళ్లెం వదులుతుంది. ప్రతి తీగకీ రెండు కొసల్లోనూ నంబరు రాసిన చీటీ చుట్టారు. "ఒక్క కొసకి సాలదా బాబూ" అన్నాను. "నాను సచ్చిపోతే రెండో కొస ఎవుడు సెప్తాడోయ్" అన్నారు. అప్పుడు నవ్వాను.

ఆదివారం ఆరాధన అయ్యాక తలుపుతో పనున్నవాళ్లు వరసలో నిలబడి వేళ్లు ఇచ్చారు. పాస్టరుగారు, కార్యదర్శి, టీచరమ్మ, పాటల వాళ్లు. పచ్చ దీపం వెలగడం, మెషిను ఇంగ్లీషులో థాంక్యూ అనడం. నా వంతు వచ్చింది. ఎర్ర దీపం. తుడుచుకుని పెట్టాను. ఎర్ర దీపం. రెండో బొటనవేలు. అదీ ఎర్రే. ముప్పై ఆరేళ్లు ఇనుమూ గ్రీజూ కిరసనాయిలూ తిన్న వేళ్లు నావి. గీతలు ఎక్కడుంటాయి?

"కాకా, మెసినికి నువ్వు మనిసిలా కనబడట్లేదు" అన్నాడు కార్యదర్శి. హాస్యానికే అన్నాడు. జనం నవ్వారు. యాంప్లిఫైయరు పోయిన తరువాత వాళ్లు నా మొహం చూడటం అదే మొదలు. గుత్తి విప్పి బల్ల మీద విసిరేశాను.

"మీ తలుపు మీరే తీసుకోండి. నానింక రాను."

సిగ్నల్ బాబు వెనకాల వచ్చారు. "ఏటోయ్, ఆగు. నీ సేతులకి ఇంకా ఏళ్లున్నాయి కదా" అన్నారు. నేను ఆగలేదు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పొద్దున లేస్తే చేతులకి పని లేదు. పూరీ గేట్ దగ్గర టీ కొట్టులో కూర్చునేవాణ్ణి. దీదీ "గుత్తి ఏమైంది కాకు?" అని ఒకసారే అడిగింది. నా మొహం చూసి మళ్లీ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం స్త్రీల కూటం. ఎండ మండిపోతోంది. టీ కొట్టులో ఫ్యాను ఆగింది, కరెంటు పోయిందని తెలిసింది. కొంతసేపటికి ఆదివారం బడి టీచరమ్మ కొడుకు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. "తాతా, మా అమ్మోళ్లు లోపలుండిపోయినారు. తలుపు రావట్లేదు!"

వెళ్లాను. పంతం పంతమే, లోపల ఆడవాళ్లు ఇరవైమంది. తలుపు కొడుతున్నారు. కరెంటు లేదు కాబట్టి మెషిను చచ్చింది, బొత్తాం చచ్చింది. గొళ్లెం మాత్రం పట్టు వదల్లేదు. బ్యాటరీ వచ్చే వారం పెడదామనుకున్నారు, పెట్టలేదు. పాత తాళానికి కన్నం బయటివైపే ఉంది. దొరికిన మారుచెవులన్నీ మెషిను రాగానే విరిచి పారేశారు. అసలు చెవి ఎక్కడుంది? నేను విసిరేసిన గుత్తిని కార్యదర్శి భద్రంగా చర్చి లోపలి బీరువాలో పెట్టాడు. చెవి లోపల, కన్నం బయట.

"ఎవరమ్మా కిటికీ కాడ? బీరువా కింద అరలో గుత్తుంటాది, సూడండి!" అని అరిచాను.

"బీరువాకీ తాళమేసున్నాది అన్నయ్యా!" అంది అమ్మగారి గొంతు.

"దానికి తాళమేటి, గట్టిగా లాగితే వచ్చేస్తాది. లాగండి!"

లాగారు. కిటికీ ఊచల్లోంచి గుత్తి బయటికి వచ్చింది. చీకట్లో అయినా నా చేతికి ఆ చెవి తెలుస్తుంది. తీశాను. ఒక ముసలావిడ కళ్లు తిరిగి పడిపోతే ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది. అందరికంటే చివర అమ్మగారు వచ్చింది. మెట్ల కింద సిగ్నల్ బాబు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలీదు. మొహంలో నెత్తురు లేదు. భార్యను చూశారు, ముసలావిడను చూశారు, తలుపును చూశారు.

మరుసటి ఆదివారం ఆరాధన తరువాత ఆయన ముందుకి వెళ్లి నిలబడ్డారు. ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లూ కాదు. కరెంటువాళ్లను తిట్టుకుని ఊరుకునేవాళ్లం.

"కరెంటోడి తప్పు కాదు. బేటరీ తప్పు కాదు. తప్పు నాది," అన్నారు. "రైల్వేలో నాకు నేర్పిందేటి? తీగ తెగినా, కరెంటు పోయినా, సిగ్నల్ ఎర్రలో పడాల. ఏది సెడినా బండి ఆగిపోవాల. బతుకంతా అదే సేసినాను. ఈ తలుపుకీ అదే సేసినాను. కరెంటు పోతే మూసుకోమన్నాను. బండి ఆగితే బతికినట్టు. మనిసి బయటికొస్తే బతికినట్టు. ఆ తేడా నాకు తెలవలేదు. అక్కలు, సెల్లెళ్లు, నన్ను సమించండి."

ఆయన క్షమించమనడం నేను అదొక్కసారే విన్నాను. ఇంట్లో అయినా అన్నారో లేదో అమ్మగారే చెప్పాలి. రైలువాళ్ల కుటుంబాలు కదా, అందరికీ అర్థమైంది. మాలో ఎవరు బిగించినా అలాగే బిగించేవాళ్లం.

ఆ వారంలోనే గొళ్లెం పీకేసి పైన అయస్కాంతం పెట్టారు. కరెంటు ఉన్నంతసేపే అది తలుపును పట్టుకుంటుంది. పోతే వదిలేస్తుంది. బ్యాటరీ కూడా పెట్టారు. బ్యాటరీ కూడా అయిపోతే తలుపు తెరుచుకునే ఉంటుంది. "అప్పుడు కాపలా ఎవరు బాబూ?" అని పాస్టరుగారు అడిగారు. సిగ్నల్ బాబు నావైపు చూడకుండానే నావైపు చెయ్యి చూపించారు.

తరువాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. గోరువెచ్చని నీళ్లు, సబ్బు, పాత గుడ్డ. పెద్ద డాక్టరులాగ ఒక్కొక్క వేలూ పట్టుకుని కడిగి, తుడిచి, మెషిను మీద పెట్టారు. ఎనిమిది వేళ్లు ఎర్ర. తొమ్మిదోది ఎడమ చిటికెన వేలు. పచ్చ దీపం వెలిగింది.

"సూసినావా ఖలాసీ! ముప్పై ఆరేళ్లలో నీ ఒంట్లో పని సెయ్యనోడు ఈడొక్కడే. ఈడికే ఉజ్జోగమిచ్చినాను."

మెషిను మీద ఇంకేవో నొక్కారు. ఇంకో రెండుసార్లు వేలు పెట్టించారు. ఎందుకని అడిగితే "నీకెందుకోయ్, పెట్టు" అన్నారు. పెట్టాను.

అప్పటినుంచి ప్రతి శనివారం అమ్మగారు బలిపీఠం మీద పువ్వులు మార్చడానికి వచ్చేది, ఆయన కూడా వచ్చేవారు. ఆమె చేతులనిండా పువ్వులు, కాబట్టి తలుపు తీసేది ఆయన. ఆమె లోపల పువ్వులు సర్దుతుంటే ఆయన మెయిన్ స్విచ్చు, బ్యాటరీ రెండూ ఆపి తలుపు వదులుతోందా అని చూసేవారు. బాగానే ఉంది కదా, ఎందుకు బాబూ ప్రతివారం అంటే, "ఆపి సూడకపోతే బాగున్నట్టు నీకెలాగ తెలుసు" అనేవారు. తరువాత ఇద్దరం మెట్ల మీద కూర్చుని, పాత స్టేషన్ మాస్టర్లను ఒక్కొక్కణ్ణీ తిట్టుకుంటూ టీ తాగేవాళ్లం. బతికున్నవాళ్లు అయిపోతే పోయినవాళ్లను తిట్టేవాళ్లం.

ఆయన్ని మట్టిలో పెట్టిన మరుసటి శనివారం నేను కొంచెం ఆలస్యంగా వెళ్లాను. అమ్మగారు పువ్వుల బుట్టతో తలుపు బయట నిలబడి ఉంది. ఎంతసేపయిందో చెప్పలేదు. ఆ తాళం బిగించినవాడి భార్యకి ఆ తలుపు తెరుచుకోవడం లేదు. ఆమె వేలు అందులో లేదు. ఎప్పుడూ అవసరం రాలేదు.

కార్యదర్శికి ఫోను చేశాను. వచ్చాడు. మెషిను నొక్కి చూశాడు. "కాకా, కొత్త పేరు ఎక్కించాలంటే ముందు పెద్ద ఏలు, పెత్తనం ఉన్నోడి ఏలు, అడుగుతున్నాది. బాబుగారి ఏలే అయ్యుంటాది" అన్నాడు. తనది పెట్టాడు. ఎర్ర దీపం. పాస్టరుగారిది పెట్టించాడు. ఎర్ర దీపం. కలకత్తానుంచి కంపెనీ మనిషిని పిలవాలి, ఉన్న పేర్లన్నీ చెరిపి మొదటినుంచి ఎక్కించాలి అన్నాడు.

"ఖలాసీ అన్నయ్య ఏలు పెట్టి సూడండి," అంది అమ్మగారు. అందరం ఆమె వైపు చూశాం. "నాకేటి తెలుసు, ఆయన ఇంట్లో అన్న మాటే. కార్యదర్సులు మారతారు, తలుపు కాడ మనిసి మారడు, ఆడి ఏలే పెద్ద ఏలు సేసినాను అన్నారు. అన్నయ్యా, నీకు సెప్పొద్దన్నారు. సెప్తే తల ఎగరేస్తావట."

ఎడమ చిటికెన వేలు పెట్టాను. మెషిను తెరుచుకుంది. చిన్న అద్దం మీద వేళ్లు ఇచ్చినవాళ్ల పేర్లు వరసగా నిలబడ్డాయి. యాంప్లిఫైయరు పోయినప్పుడు ఆ చర్చిలో నా మొహం చూడని జనం అంతా గుర్తొచ్చారు. కార్యదర్శి చదివాడు. ఒకటో నంబరు బాబుగారిది.

"ఉంచేద్దాం కాకా, గురుతుగా," అన్నాడు.

"ఆయనుంటే ఊరుకుంటారేటి? లేని మనిసి పేరు తలుపు కాడ ఉంచినందుకు నిన్నూ నన్నూ కలిపి తిడతారు. తీసెయ్."

"తీసెయ్యమంటావా అని మెసిను అడుగుతున్నాది. నీ ఏలే పెట్టాలట."

పెట్టాను. ఒకటో నంబరు ఖాళీ అయింది. అమ్మగారు బుట్ట కింద పెట్టి, తడి చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని ముందుకి వచ్చింది. ఎంత గట్టిగా నొక్కాలో ఆమెకి తెలియదు. ఊరికే ఆనించింది. "కొంచెం నొక్కమ్మా" అన్నాను. నొక్కింది. వేలు పెట్టే చోట అద్దం కిందనుంచి వెలుతురు ఆమె వేలి చివరగుండా ఎర్రగా పైకి వచ్చింది. దీపానికి చెయ్యి అడ్డం పెడితే ఎలా ఉంటుందో అలాగ. మెషిను థాంక్యూ అన్న తరువాత కూడా ఆమె వేలు తీయలేదు. నేను తీయమనలేదు.