కరెంటు ఆలస్యంగా ఇమ్మన్న ఇల్లు

ఆసిఫాబాద్ జిల్లా కేంద్రమైన మరుసటి ఎండాకాలం, హుస్నాబాద్ నుంచి బదిలీ మీద అక్కడి కరెంటు ఆఫీసుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వెళ్లాను. మా శాఖలో దీన్ని ఏఈ అంటారు. బల్బు వెలుగుతున్నంతసేపు ఎవరికీ గుర్తుండం. ఆరిపోతే మాత్రం అందరికీ పేరుతో సహా గుర్తొస్తాం.

చేరిన వారంలోనే ఒక గల్లీవాళ్లు గుంపుగా వచ్చారు. సాయంత్రమైతే చాలు, వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతోంది. మా లైన్‌మన్ సత్తయ్య ఒక్క మాటలో తేల్చాడు. "గల్లీది ఏం తప్పు లేదు మేడం. అంత రాజమల్లు ఇంటిదే."

కనెక్షన్ తీసుకునేటప్పుడు ఇంట్లో ఎంత కరెంటు వాడతామో రాసిస్తారు. అది మంజూరైన లోడు. వీధిలో ఎంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలో దాన్ని బట్టే నిర్ణయిస్తాం. రాజమల్లు రాసిచ్చింది లైట్లకు, ఫ్యాన్లకు. దుబాయిలో ఒక షేక్ ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మనిషి, అక్కడ తాను తుడిచిన ప్రతి వస్తువునూ ఇక్కడ కొన్నాడు. గదికో ఏసీ, గిన్నెలు కడిగే మిషన్, ఏసీ గదిలో నిలబడ్డ చోటే నడిచే మిషన్. మా ఎండల్లో బట్టలు ఆరబెట్టే మిషన్ కూడా. సోఫా సైతం ప్లగ్గు పెడితేనే వెనక్కి వాలేది.

నేను చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన గర్వంగా ఇల్లంతా చూపిస్తుంటే, ఏదో ఒకటి కూత పెట్టినప్పుడల్లా భార్య సుగుణ పరుగెత్తుతోంది. "ఒకటి నీళ్లయిపోయినయంటది, ఒకటి తలుపు తియ్యమంటది. నాకు ఇంటినిండ అత్తలే మేడం" అంది.

అదనపు లోడుకు దరఖాస్తు పెట్టమన్నాను. పెట్టాడు. అది మంజూరయ్యేలోపే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆ సాయంత్రమే ఎదురింటి ప్రభుదాస్ కూతురి నిశ్చితార్థం. ప్రార్థన ఫోన్ల వెలుగులో ముగించి, చుట్టాలతో సహా గల్లీ అంతా రాజమల్లు గేటు ముందుకొచ్చి అరిచింది. ఆయన బయటికి రాలేదు. రాలేకపోయాడు కూడా, ఆ గేటు కరెంటుతోనే తెరుచుకునేది.

ఆ ఎండల్లో చాలా చోట్ల ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడంతో మా రిపేరు షెడ్డులో బదులుకు ఒక్కటి కూడా లేదు. మర్నాడు పక్క గల్లీ నుంచి తాత్కాలికంగా లైను లాగి, లైట్లు, ఫ్యాన్లు తప్ప ఏమీ వాడొద్దని ఇంటింటికీ చెప్పాం. రాజమల్లు తల పట్టుకున్నాడు. "గిట్లయితే ఎట్ల బతకాలె మేడం?"

సత్తయ్య ఆయన్ను ఓదారుస్తుండగా సుగుణ నన్ను పక్కకు పిలిచింది. "కొత్తది జర ఆలస్యంగ తెప్పియ్యరాదుండ్రి."

కరెంటు తొందరగా ఇమ్మని కాళ్లావేళ్లా పడ్డవాళ్లను సర్వీసంతా చూశాను. ఆలస్యం చేయమన్నది ఈమె ఒక్కతే. కారణం అడిగాను.

"దుబాయిల ఉన్నప్పుడు రోజు ఫోన్ల మాట్లాడేటోడు. ఇంటికొచ్చినంక గా రూంల ఆయన, గీ రూంల నేను. నిన్న కరెంటు పోయి, గల్లోళ్లు తిట్టి పోయినంక ఇద్దరం అరుగు మీద కూసున్నం. అక్కడ ఎన్ని తిప్పలు పడ్డడో నిన్ననే చెప్పిండు" అంటూ కళ్లు తుడుచుకుంది.

అది నా చేతిలో లేదన్నాను. నా సాయం అక్కర్లేకుండానే షెడ్డు ఆలస్యం చేసింది.

లైను చూడడానికి వెళ్లినప్పుడల్లా రాజమల్లు కొత్తగా కనిపించాడు. ఒకసారి దండెం మీద బట్టలు ఆరేస్తున్నాడు. ఇంకోసారి ప్రభుదాస్ ఇంటి ముందు కుర్చీలు దించుతున్నాడు. తనంతట తానే వెళ్లి తప్పయిందని చెప్పి, పెళ్లి పనులు అడిగి తీసుకున్నాడట.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించాక ఆ ఇంటి అసలు లోడు కొలవాలి. నేను తీగకు తగిలించే మీటరు పట్టుకుని, సామాన్లు ఒక్కొక్కటే ఆన్ చేయమన్నాను.

బట్టల మిషన్ దగ్గర రాజమల్లు ఆగాడు. "ఇది వద్దు. దండెం ఉన్నది."

"నడక మిషన్?"

"ప్రభుదాసన్నతోటి వాగు దాక పోతున్న మేడం. దాని మీద ఎంత నడిచినా ఎవ్వడు ఎదురుకాలే."

గిన్నెల మిషన్ కూడా వద్దన్నాడు. ఏసీల దగ్గర మాత్రం భార్య ముఖం చూశాడు.

"ఎండలు తక్కువున్నయా? ఒకటి ఉంచు" అంది సుగుణ. కొంగు సర్దుకుంటూ, "ఇద్దరికి ఒక్క రూం చాలు" అంది. సత్తయ్య హఠాత్తుగా కరెంటు స్తంభాన్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

రాజమల్లు అదనపు లోడు దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. మా పై అధికారి డివిజనల్ ఇంజనీరుకు అది అంతుపట్టలేదు. ఫోన్ చేసి, వినియోగదారుడి ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగారు. మునుపటికంటే బాగుందని చెప్పాను.

లోడు పెరుగుతూనే ఉంటుందని, దానికి తగ్గట్టు సరఫరా పెంచడమే ఇంజనీరు పని అని మాకు చదువులో నేర్పారు. తగ్గించుకుని కూడా మనుషులు సుఖపడగలరని ఆ ఇంట్లో తెలిసింది. తర్వాత రిటైరయ్యేదాకా, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ఎవరు వచ్చినా ముందు వాళ్లింటికి వెళ్లి, ఉన్న సామాన్లలో ఏవి లేకపోయినా గడుస్తుందో అడిగేదాన్ని. చాలా ఇళ్లలో తిట్లు తిన్నాను. కొన్ని ఇళ్లలో టీ ఇచ్చారు.