బావ నడుముకు గొలుసు

మా బావ సిరిసిల్ల వైపు ఒక ఠాణాలో కానిస్టేబుల్. ఆయన చేతిలో ఉండే తుపాకిని అందరూ త్రీనాట్‌త్రీ అనేవారు. తర్వాత దాని గురించి దొరికినదల్లా చదివాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే బ్రిటిష్ వాళ్లు తయారుచేశారు. గుర్రం మీది సిపాయికీ కాలినడక సిపాయికీ ఒకటే సరిపోవాలని గొట్టం పొట్టి చేశారు. కాల్చినప్పుడు చెయ్యి కాలకుండా మూతిదాకా కర్ర తొడిగారు. పది గుండ్లు పడతాయి. ప్రతి గుండుకూ బోల్టు వెనక్కి లాగి ముందుకు నెట్టాలి. రెండు పెద్ద యుద్ధాలు చూసి, మన సైన్యం కొత్తవి తీసుకున్నాక అది పోలీసులకు వచ్చింది.

అన్నలు, అంటే నక్సలైట్లు, తుపాకులు గుంజుకుపోతున్న రోజులవి. తుపాకి పోతే ఉద్యోగం పోయినట్టే. అందుకే బయటికి వెళ్లేవాళ్లు దాన్ని గొలుసుతో నడుము బెల్టుకు కట్టి తాళం వేసుకోవాలి. ఎవరూ బెదిరించి తీయించకుండా తాళంచెవి ఠాణాలోనే ఉండేది.

ఒకసారి బావ అట్లాగే గొలుసుతోనే కోరుట్లలో మా ఇంటికి వచ్చాడు. అక్క అప్పుడు మా దగ్గరే ఉంది. తుపాకి పక్కన పెట్టుకునే అన్నం తిన్నాడు.

"సూడు తమ్మీ," అంది అక్క. "నా మెడల లేని గొలుసు దానికి చేపిచ్చిండ్రు సర్కారోళ్లు."

"మరి నువ్వు పోతే నా నౌకరి పోదు గదనే," అన్నాడు బావ. అక్క గరిటె ఎత్తింది. అందరం నవ్వాం.

ఆ ఎండాకాలమే చందుర్తి వారపు అంగడిలో బావనూ, ఆయన జోడీ కానిస్టేబుల్‌నూ నలుగురు చుట్టుముట్టి, తుపాకులు కింద పెట్టి పొమ్మన్నారు. జోడీ కుర్రవాడు గొలుసును ఉత్తగా చుట్టుకున్నాడు, తాళం వేసుకోలేదు. తుపాకి పారేసి పరుగెత్తి, ఒక బండి చాటు నుంచి చూశాడు. బావ మాత్రం తాళం వేసుకునే ఉన్నాడు. బెల్టే విప్పేద్దామని నడుము మీద చెయ్యి వేశాడు. వాళ్లు తుపాకి ఎత్తబోతున్నాడనుకున్నారు. కాల్చి చంపి, బెల్టు కోసి, తుపాకి తీసుకుపోయారు.

ఇదంతా ఆ కుర్రవాడే వచ్చి చెప్పాడు. అక్క అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. "నువ్వన్నా ఉరికినవ్," అంది ఒక్కమాట. అది తిట్టో కాదో నాకిప్పటికీ తెలియదు.

చాలా రోజుల తర్వాత అతను మళ్లీ వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"వదినా, అన్న తుపాకి దొరికింది. జగిత్యాల దిక్కు అడివిల."

అక్క బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నన్ను మల్ల డ్యూటీల తీసుకున్నరు. గా తుపాకి నాకే ఇచ్చిండ్రు. కర్ర మీద అన్న గీసుకున్న గీత గట్లనే ఉన్నది."

తుపాకి ఎవరిదైతేనేం, మళ్లీ బాగుచేసి ఇంకొకరికి ఇస్తారు. అది అట్లాగే ఇన్నేళ్లు బతికింది.

"గొలుసు?" అని అడిగింది అక్క.

"ఉన్నది. గిప్పుడు ఇంక గట్టిగ సూస్తున్నరు. తాళం ఎయ్యకుంటే బయటికి పోనిస్తలేరు."

"చెవి ఠాణల్నేనా?"

అతను వీధివైపు ఒకసారి చూసి అంగీ కొంచెం పైకెత్తాడు. మొలతాడుకు చిన్న తాళంచెవి వేలాడుతోంది.

"దొంగతనంగ ఇంకోటి చేపిచ్చిన, వదినా. ఎవలకు చెప్పకు."

అక్క చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. ఆ చెవిని వేళ్లతో పట్టుకుని, మొలతాడు ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

"లోపటికి రా," అంది. "అన్నం తిని పో."