నన్ను చూసి తల వంచని డేగ

మొన్నామధ్య ఒక ఆదివారం మా అమ్మాయి నన్ను నేవన్ ఊరి పక్కన పూలమొక్కలు అమ్మేచోటికి తీసుకువెళితే, అక్కడ గడ్డి మీద ఒకతను చేతికి తోలు గ్లవ్ తొడుక్కుని డేగను చూపిస్తున్నాడు. అది నోరు తెరిచి ఒకటే అరుపు. చుట్టూ ఉన్నవాళ్లు దానికెక్కడో నొప్పిగా ఉందేమోనని జాలిపడుతున్నారు. నాకు మాత్రం ఆ అరుపు తెలుసు. అది గూట్లో పిల్ల తల్లిని చూసి మేత అడిగే కేక. కళ్లు విప్పిన నాటి నుంచి మనిషి చేతి మేతే తిని పెరిగిన డేగ ఎంత ఈడు వచ్చినా ఆ కేక మానదు. దాని దృష్టిలో మనిషే తల్లి, తానూ మనుషుల్లో ఒకర్తే.

ఈ సంగతి నాకు చెప్పినాయన పోయి చాలా ఏళ్లయింది. నేను గుంటూరులో నర్సింగ్ చదివి ఈ దేశంలో కాజిల్‌బార్ అనే ఊరికి వచ్చిన కొత్తల్లో, ఇక్కడ నర్సుగా చేరడానికి కావలసిన కాగితాలు తేలేదాకా, ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పనిలో ఉండేదాన్ని. అలా రోజూ పొద్దున్నే వెళ్లే ఇళ్లలో ఊరి బయట ఒంటరిగా ఉండే ఒక పెద్దాయనది ఒకటి. భార్య పోయింది, పిల్లలు లేరు, ఉన్నదల్లా స్వోర్డ్స్ అనే ఊళ్లో ఒక మేనకోడలు, పెరట్లో చెక్క షెడ్డులో ఒక ఆడ డేగ. రెక్కలు కూడా రాని రోజుల్లో తెచ్చి, వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టెలో పెట్టి, చిన్న చిన్న మాంసం తునకలు తినిపించి పెంచారట.

ఒక వసంతంలో నేను టీ పట్టుకుని షెడ్డు దగ్గరకు వెళ్లేసరికి, పెద్దాయన డేగ ఎదుట నిలబడి బట్టతల వంచి దణ్ణం పెడుతున్నట్టు వంగుతున్నారు. అదీ ఆయనకేసి తల వంచి, గొంతులో చప్ చప్‌మని సన్నగా చప్పుడు చేస్తోంది. నాకు ఆయన మతి మీద అనుమానం వచ్చింది. తరవాత టీ తాగుతూ చెప్పారు, ఈడు వచ్చాక అది తననే జోడుగా ఎంచుకుందని, తల వంచడం దాని జాతిలో మన్నన అని, బదులు వంచకపోతే రోజంతా అలుగుతుందని. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మరుసటి ఏడు మార్చిలో మావారు మా పాపను తీసుకుని వచ్చారు. ఎనిమిది నెలల పిల్లను మా అమ్మ దగ్గర వదిలి నేను ముందు వచ్చేశాను. కాగితాలన్నీ కుదిరి వాళ్లు వచ్చేసరికి దానికి నాలుగో ఏడు నడుస్తోంది. ఆదివారాలు ఫోన్ కార్డు గీకి మాట్లాడబోతే రిసీవర్ వదిలి పారిపోయే పిల్ల, ఎదురుగా వస్తే మాత్రం ఎందుకు గుర్తుపడుతుంది? మా అమ్మనే అమ్మా అని పిలిచేది. వచ్చిన రెండో రోజు, నేను జడ వెయ్యబోతే చెయ్యి తోసేసి, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఆంటీ, అమ్మ ఎప్పుడొస్తుంది?"

నేను స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆపైన బొమ్మలు కొన్నాను, ముద్దులు పెట్టబోయాను, ఎత్తుకోబోయాను. ఎంత దగ్గరకు వెళితే అంత దూరం జరిగేది. మావారు చూసి చూసి, "ఊరికే దాని వెంటపడకే, బెదురుతోంది" అన్నారు. నాకు కోపం వచ్చింది.

అదే నెలలో ఒక ఉదయం వెళ్లేసరికి పెద్దాయన షెడ్డు ముందు పడిపోయి ఉన్నారు. లోపల డేగ గోలగోలగా అరుస్తోంది. పక్షవాతం. అంబులెన్సు వచ్చి ఆస్పత్రికి తీసుకుపోయింది. మేనకోడలు ఫోనులో, "తలుపు తీసి వదిలెయ్యండి ప్లీజ్, పక్షే కదా, దాని బతుకు అది బతుకుతుంది" అంది. నేను వార్డుకు వెళ్లి ఆయనకు ఆ మాట చెబితే, పక్కకు జారిన మూతితోనే గట్టిగా తల అడ్డంగా ఊపారు. అది అడవిలోకి పోదు, మేత కోసం ఎవరి పెరట్లోనో మనిషి మీద వాలుతుంది, వాళ్లు భయపడి కాల్చేస్తారు. ముద్దముద్దగా ఆయన చెప్పింది ఇది. జంతువుల జోలికి పోకూడదని మా పనిలో నియమం. అయినా మేత పెట్టడానికి నేనే ఒప్పుకున్నాను.

మొదటి రోజు తలుపు తీయగానే నా ముఖం మీదికి వచ్చింది. కనుబొమ పైన ఆ గీత ఇప్పటికీ ఉంది. ఆయన కోటు తొడుక్కుని వెళ్లాను, టోపీ పెట్టుకున్నాను, అది మోసపోలేదు. రెండు రోజులు పెట్టిన మాంసం పెట్టినట్టే ఉంది. మళ్లీ వార్డుకు పరుగెత్తాను. ఆయన చాలాసేపు కూడబలుక్కుని చెప్పారు.

"దానికేసి చూడకు. కూర్చో. ఏమీ అడగకు."

అలాగే బకెట్ బోర్లించి, డేగకు వీపు పెట్టి కూర్చునేదాన్ని, నాలో నేను తెలుగులో ఏదో గొణుక్కుంటూ. మూడో రోజు నేను బయటికి వచ్చాక తింది. రెండో వారానికి నేను ఉండగానే, నా వెనకాల, మాంసం చీల్చే చప్పుడు వినబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో పప్పన్నం కలుపుకుని, పాపను పిలవకుండా, గోడకేసి తిరిగి నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టాను. అలా ఎన్ని సాయంత్రాలు గడిచాయో లెక్క లేదు. ఒకనాడు వీపుకు ఏదో వెచ్చగా ఆనింది. తిరిగి చూడలేదు. భుజం మీదుగా ముద్ద వెనక్కి చాపితే చిన్న నోరు అందుకుంది. మరో ముద్ద కలిపాను.

అయిదు వారాలకు పెద్దాయనను ఇంటికి పంపారు. ఎడమ చెయ్యి పడిపోయింది, డేగను పిలిచే ఈల పెదవులకు రావడం లేదు. ఆయనను పట్టుకుని షెడ్డు దాకా నడిపించాను. డేగ ఒళ్లు బిగదీసుకుని, ముఖం తిప్పేసుకుంది. ఆయన ఈల వెయ్యబోతే గాలి వచ్చింది. నేను ఇంట్లోకి పోదామన్నాను. ఆయన కదలక, తలుపు చెక్క పట్టుకుని మెల్లగా తల వంచారు. మళ్లీ వంచారు. మూడోసారి అది ఇటు తిరిగి, ముక్కు తాను వాలిన కర్రకు తగిలేలా వంగి చప్ చప్‌మంది. నేను పెరట్లోకి వచ్చేశాను, ఇద్దరు మాట్లాడుకునేచోట మూడో మనిషి ఉండకూడదు కదా. నాకు మాత్రం అది ఒక్కనాడూ తల వంచలేదు.

డేగను మోసేది ఎడమ చేతి మీదే. ఇక కుదరదని ఆయనే తేల్చుకుని, టిప్పరరీ నుంచి డేగలు పెంచే ఒక పరిచయస్థుణ్ణి పిలిపించి ఇచ్చేశారు. కారు వెళుతున్నప్పుడు దాని అరుపు మలుపు దాకా వినిపించింది. ఏడాది తరవాత ఆ మనిషి ఫోన్ చేశాడు. వసంతమంతా ఎదుట నిలబడి వంగగా వంగగా చివరికి తనకూ తల వంచిందని, గుడ్లు పెట్టిందని. పెద్దాయన "గ్రాండ్, గ్రాండ్" అని రిసీవర్ పెట్టేశారు. నన్ను టీ అడిగి, కిటికీలోంచి చూస్తూ కూర్చుని చల్లారబెట్టేశారు. మర్నాడు షెడ్డు కడిగించారు.

మా పాప ఇక్కడే బడికి వెళ్లి, ఇక్కడి పిల్లల్లాగే నన్ను మామ్ అనడం మొదలుపెట్టింది. అమ్మ అన్న పిలుపు మా అమ్మ పోయేదాకా మా అమ్మదే. ఇప్పుడు మా చర్చికి వచ్చే ఒక పడుచు నర్సు కొడుకు ఏలూరులో ఉన్నాడు. రోజూ సాయంత్రం ఫోను తెర మీద తల్లి పాడితేనే వాడు అన్నం తింటాడు, తెరకు ముద్దు పెడతాడు. రేపు ఎయిర్‌పోర్టులో ఆమెను చూడగానే చేతులు చాపి దూకుతాడు. చూసి సంతోషిస్తాను. కాస్త అసూయ కూడా, ఎందుకు దాచుకోవాలి. మా కాలంలో వచ్చినవాళ్లం బిడ్డల్ని కన్నాం, వదిలి వచ్చాం, మళ్లీ మొదటినుంచి సంపాదించుకున్నాం.