రేటు పెట్టే కూతురు

మలేషియాలోని మా ఊరు సుంగై సుమున్‌లో పామాయిల్ గెలల రేటు నేనే పెడతానని మా అమ్మ నమ్మకం. అక్కడ ఆమెకు నాన్న కొన్న మూడెకరాల తోట ఉంది. నేను కౌలాలంపూర్‌లో ఒక బ్రోకరు కంపెనీలో పామాయిల్ ఫ్యూచర్స్ బేరాలు చూస్తాను. అంటే, మూడు నెలల తర్వాత చేతికొచ్చే నూనెకు ఇవాళే ధర కుదుర్చడం. ఆ ధరను బట్టే ఊళ్ళో గెలలకు రేటు కడతారు. ఇంతవరకూ నిజం. మిగతాది అమ్మ కల్పన. పొద్దున్నే ఫోన్ చేస్తుంది.

"ఏటే, ఈయేల ఎంత పెట్టినావు?"

"నేను పెట్టడమేమిటమ్మా? వేలమంది కొంటారు, అమ్ముతారు..."

"ఆళ్ళంతా కొంటారు లేయే. పెట్టీది నువ్వే కదా!"

రేటు పడిన రోజు గెలలు కొనే చీనా వ్యాపారి కూడా, కూతురికి నిన్న అన్నం పెట్టలేదా అని అమ్మను అక్కడి తోటల్లో అందరికీ వచ్చే తమిళంలో ఆటపట్టిస్తాడట. ఆఫీసులో నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. అమ్మ దగ్గర మాత్రం పాతికేళ్ళలో నేను ఒక్కసారీ గెలవలేదు.

ఆమధ్య పొరుగు దేశం తన సొంత పామాయిల్ బజారు తెరిచింది. వ్యాపారులు కాదు, ప్రభుత్వమే పూనుకుని తెరిపించింది. మా నూనెకు మలేషియాలో ధర కట్టడమేమిటన్నది వాళ్ళ రోషం. మా బాస్‌కు అది తెగ నచ్చింది. మన బేరాలన్నీ అక్కడికి మార్చేద్దామన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మారిస్తే నా ఉద్యోగమేం పోదు. ఇక్కడ మేము కుదిర్చిన ధర చూసుకుని లోకమంతా బేరమాడుతుందన్న గొప్ప ఒకటుంది చూశారూ, అది పోతుంది.

ఆ బజారు తరఫున ఒక పెద్దమనిషి మా ఆఫీసుకు వచ్చాడు. మంచి బాతిక్ చొక్కా, అంతకంటే మంచి మర్యాద.

"మేడమ్, మా తోటల ముందు మీ తోటలెంత? చెట్టు మాది, కాయ మాది, ధర మాత్రం మీదా?"

న్యాయమైన ప్రశ్నే. కాకపోతే వెంటనే ఒప్పుకునే అలవాటు నాకు లేదు.

"తోటలు మీవేనండీ. ఆమధ్య ఒక ఏడు మీ ప్రభుత్వం ఉన్నట్టుండి నూనె ఎగుమతులు ఆపేసినప్పుడు మీ రైతుల గెలలు ఏమయ్యాయి? సర్కారు ఎప్పుడు చెయ్యి పెడుతుందో తెలియని తక్కెడలో ఎవరు తూస్తారు?"

"మెల్లగా లా," అన్నాడు బాస్. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.

పెద్దమనిషి నవ్వాడు. "మీ ప్రభుత్వం ఒకప్పుడు షేర్లకు తలుపులు వేయలేదా? సింగపూర్‌లో కొన్న మీ కంపెనీల షేర్లు అమ్ముకునే దారిలేక ఇరుక్కుపోలేదా?"

ఆ తలుపులు వేసినప్పుడు నేను కాలేజీలో చివరి ఏడు చదువుతున్నాను. ఇరుక్కున్నవాటిలో మా నాన్నవీ ఉన్నాయి, ఎస్టేట్‌లో కిరాణీగా, అంటే గుమాస్తాగా, పనిచేసి దాచుకున్న డబ్బుతో కొన్నవి. ఆయన పేపరు మడిచి, "మనోళ్ళు దేశాన్ని కాసుకున్నారు. మరి మనల్నెవుడు కాస్తాడే?" అన్నారు.

"వేసింది," అన్నాను. "ఆ తలుపు బయట మా నాన్న నిలబడ్డారు. అది తప్పని మా మంత్రి ఎదురుగానైనా అంటాను. కానీ ఆ రోజుల్లో కూడా ఇక్కడ పామాయిల్ ధర పలకడం ఆగలేదు. మా అమ్మ ఆ రేటుకే గెలలు అమ్మి నా ఫీజు కట్టింది. మీరూ ఒక గడ్డుకాలంలో చెయ్యి పెట్టకుండా ఉండి చూపించండి. అప్పుడు ఈ బేరాలు నేనే తెచ్చి మీ దగ్గర పెడతాను."

ఆయన తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. బాస్ మూడు రోజులు ఏదీ తేల్చలేదు. నాలుగో రోజు నా బల్ల దగ్గరికొచ్చి, "ఇప్పటికి ఇక్కడే లా. ఒక ఏడాది చూద్దాం," అన్నాడు. ఏడాదైతే ఏడాది. ఆ సాయంత్రం బజారు ముగిసేదాకా తలెత్తుకుని కూర్చున్నాను. ఆ రోజే ధర దబ్బున పడింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"ఓలమ్మో, ఇంత తగ్గిపోయిందేటే! ఇదీ నువ్వే పెట్టినావా?"

అలవాటుగా వాదించబోయి ఆగాను.

"అవునమ్మా. మేమే పెట్టాం."

వెంటనే పక్కనున్న చీనా వ్యాపారితో, నా కూతురే ఒప్పుకుంది విన్నావా అని అమ్మ తమిళంలో గట్టిగా చెప్పడం వినిపించింది. ఆ గొంతులో తగ్గిన రేటు తాలూకు బాధ ఏ కోశానా లేదు.

"సర్లేయే," అంది నాతో. "రేపు మరి కాస్త సూసి పెట్టు."