పొడుగు క్యానులో మజ్జిగ

ఎనభై నాలుగులో ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దు చేయడంతో మా ఇంటి కరణీకం ముగిసింది. ఊరి భూముల రికార్డులన్నీ అప్పగించి, పంచె మడత నలగకుండా ఇంటికి నడిచి వచ్చాను. అరుగుల మీద నవ్వుతున్నారని తెలుసు. తల దించలేదు. దించాల్సిన పని నేను చేయలేదు. మా పెద్దల్లో కొందరు చేశారు. పొలాల హద్దులు కలంతో జరిపారు. అది ఊరికీ తెలుసు, నాకూ తెలుసు.

మరుసటి ఏడాది, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, నరసరావుపేటలో బీఎడ్‌లో చేరాను. మా ఊరు నాదెండ్ల వైపు, రోజూ బస్సు ప్రయాణం. పాసైతే ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంట్లో మిగిలింది అమ్మ, నేను, ఒక గేదె.

సైకాలజీ లెక్చరర్ నాకంటే పదేళ్ళు చిన్నవాడు. బాగా చెప్పేవాడు. మనిషి బతుకును పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎనిమిది దశలుగా బోర్డు మీద గీశాడు. పసితనంలో లోకం మీద నమ్మకం కుదరాలి. పడుచు వయసులో నేనెవరన్నది తేలాలి. నడివయసులో తర్వాతి తరానికి ఏదో ఒకటి అందించాలి, లేకపోతే మనిషి ఉన్నచోటే మురిగిపోతాడు. ఆ మాట దగ్గర క్లాసంతా నా వైపు తిరిగింది.

"బాబాయ్, నువ్వు అందిస్తున్నావా, మురిగిపోతున్నావా?" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు.

"ముందు నువ్వెవరో తేల్చుకోరా, తర్వాత నా సంగతి చూద్దువుగాని" అన్నాను.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

ఆ ఏడాది మేం ఒక్కొక్కరం ఏడేళ్ళలోపు బిడ్డను పరీక్షించి రికార్డు రాయాలి. దాని మీద లెక్చరర్ సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, ఒకదానిలోవి సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపితే, ఆ వయసు పిల్లలు పొడుగుదాంట్లోనే ఎక్కువున్నాయంటారని పుస్తకం. ఆకారం మారినా కొలత మారదన్న సంగతి ఆ బుర్రకు ఇంకా అందదట.

మా వీధి చివరింట్లో ఒక పిల్ల ఉంది. ఆరేళ్ళది. వాళ్ళమ్మ మిరపకోతలకు పోయేది. పిల్లను మా వసారాలోకి పిలిచి, కుర్చీలో కూర్చుని, కలం పట్టుకుని అడిగాను. నీళ్ళు ఒంపి, దేంట్లో ఎక్కువున్నాయంటే "సమానమేనండీ" అంది. పిల్లకు ప్రశ్న సరిగా వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను. "బాగా చూసి చెప్పు." ఆ పిల్ల గ్లాసు చూడలేదు, నా మొహం చూసింది. "పొడుగుదాంట్లోనే ఎక్కువండీ" అంది. రాసుకున్నాను. పుస్తకంతో సరిపోయింది.

కరణీకం పోయినా అమ్మ ఒక అలవాటు మానలేదు. పొద్దున్నే చిలికి, వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ పోసేది. ఎవరు ఏ గిన్నె తెచ్చినా ఇత్తడి చెంబుతో ఒకటే చెంబుడు. మర్నాడు ఆ పిల్ల ఎప్పుడూ తెచ్చే వెడల్పాటి గిన్నె బదులు పొడుగు క్యాను తెచ్చింది. వెనక నిలబడ్డ ఆడమనిషి ఆటపట్టించింది.

"ఏమే, మామ్మగారు నీకు చానా పోసిందే!"

పిల్ల క్యాను ఎత్తి చూపించి నవ్వింది. "ఏంది పిన్నీ, అందరికీ ఒకటే చెంబుగా! ఇది సన్నంగా ఉంది, అందుకని పైకొచ్చింది."

నేను గుమ్మంలో ఉన్నాను. "మరి నిన్న ఎక్కువన్నావేమే?" అన్నాను.

"మీరు రెండోసారి అడిగారుగా పంతులుగారూ. ముందు చెప్పింది తప్పేమో అనుకున్నా."

మా ముత్తాత ముందు, తాత ముందు ఎందరు రైతులు రెండోసారి అడిగేసరికి తమ పొలం గట్టు ఎక్కడుందో మార్చి చెప్పారో! వాళ్ళకు కొలత తెలియక కాదు, కలం మా చేతిలో ఉండబట్టి.

రెండు రోజుల సంగతీ రాశాను. రెండోసారి అడగడం నా తప్పని కూడా రాశాను.

లెక్చరర్ చదివి రికార్డు బల్ల మీద పెట్టాడు. "రెండో రోజుది కొట్టేయండి. మొదటిది సరిపోయిందిగా."

"జరిగింది రాశానండీ."

"ఒక్క పిల్లతో సిద్ధాంతం తప్పయిపోతుందా?"

"సిద్ధాంతం తప్పని రాయలేదు. నేను అడిగిన పద్ధతి తప్పని రాశాను."

"అయితే సంతకం పెట్టను."

"అయితే పరీక్ష రాయను."

"ఉద్యోగం పోతుందండీ మీకు."

"ఒకసారి పోయింది. ఎట్లా ఉంటుందో తెలుసు" అన్నాను. ఆయన చెప్పిన పాఠమే ఆయనకు గుర్తుచేశాను. శిక్షకు భయపడి నడుచుకోవడం నీతిలో కింది మెట్టనీ, మనస్సాక్షికి కట్టుబడటం పై మెట్టనీ ఆయనే బోర్డు మీద గీశాడు. "నన్ను కిందికి దిగమనకండి."

వారం రోజులు రికార్డు తన దగ్గరే పెట్టుకున్నాడు. నేను మళ్ళీ వెళ్ళి అడగలేదు. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి రోజు పిలిచి, ఎర్ర సిరాతో 'పరీక్షించిన పద్ధతిలో లోపం' అని రాసి, సంతకం పెట్టి, క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు వేశాడు. ఆ మాట నేను రాసుకున్నదే. నిటారుగా నిలబడి తీసుకున్నాను.

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. "నా గురించి ఏం రాశారు?" అంది. చదివి వినిపించాను.

"నేను నవ్వింది రాయలేదేంది?"

"సంతకమయ్యాక ఒక్క అక్షరం కూడా చేర్చకూడదే."

"ఎవరు చూస్తారు పంతులుగారూ?"

"మా ఇంట్లో పూర్వం అట్లాగే అనుకునేవాళ్ళు" అన్నాను.

ఆ రికార్డులో నేను ఏమీ చేర్చలేదు. ఇది రికార్డు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ పొద్దున క్యాను ఎత్తి పట్టుకుని ఆ పిల్ల నవ్వింది.