డిక్కీలో వైర్ల కట్ట

ఆ కారు కొనిపించింది నేనే. ఈ మాట ఇప్పటికీ కాస్త గొప్పగానే మొదలుపెడతాను, సగంలోకి వచ్చేసరికి సిగ్గేస్తుంది.

అప్పుడు నేను సిడ్నీలో మాస్టర్స్ చదువుతున్నాను. క్వేకర్స్ హిల్‌లో, భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక అంకుల్, ఆంటీల ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అద్దె గదికే. అన్నం, తిట్లు, జ్వరమొస్తే మిరియాల చారు, ఇవన్నీ ఉచితం. మూడో సెమిస్టర్‌లో ఇద్దరేసి కలిసి చేయాల్సిన పెద్ద అసైన్‌మెంట్ ఇచ్చారు. నా జోడీ చైనా అమ్మాయి. అందుకే చైనా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీల పోటీని ఎంచుకున్నాను. ఆమె తన భాషలో వార్తలు చదివి చెప్పేది, నేను పట్టికల్లోకి ఎక్కించేదాన్ని. ఒకడు ధర తగ్గిస్తే వారం తిరక్కుండా ఇంకొకడు తగ్గించేవాడు. మూడోవాడు అదే ధరకి ఇంకాస్త దూరం వెళ్ళే బ్యాటరీ పెట్టేవాడు. నాకైతే క్రికెట్ చూస్తున్నంత హుషారుగా ఉండేది.

ఆ హుషారంతా రాత్రి భోజనాల దగ్గర అంకుల్‌కి వడ్డించేదాన్ని. ఆయన అప్పటికే కారు కొందామని చూస్తున్నారు.

"ఆగండి అంకుల్, ఇక్కడ కూడా తగ్గుతుంది."

"ఇంకానా అమ్మా?"

"ఇంకా!"

సంత ముగిసేదాకా ఆగి వంకాయలు బేరమాడే మనిషి ఆయన. ఆగారు. మూడుసార్లు తగ్గాక కొన్నారు. ఆ తర్వాత ఏ తెలుగువాళ్ళింటికి వెళ్ళినా, మంచినీళ్ళు ఇచ్చేలోపే "ఎంత పడిందో చెప్పుకోండి చూద్దాం" అనేవారు. వాళ్ళు చెప్పలేకపోతే తానే డాలరుతో సహా చెప్పేసేవారు.

క్లాసులో చూపించాల్సిన మొదటి స్లైడుకి నేను 'కొనేవాడికి పండగ' అని పేరు పెట్టాను. నా జోడీ దాన్ని చాలాసేపు చూసి, "వేరే పేరు పెడదామా?" అంది. నాకు ముక్కు మీద కోపం. "ఏం, బాగాలేదా?" అన్నాను. ఆమె తర్వాతి స్లైడు తెరిచింది. ఆ పేరే ఉంచాను.

కొత్త కారు వస్తే మా చర్చివాళ్ళు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. పాటలు, ప్రార్థన, ఇంటాయన సాక్ష్యం, ఆపైన బిర్యానీ. ఒక శనివారం మధ్యాహ్నం పెట్టారు. బిర్యానీ ఆశ చూపించి నా జోడీని కూడా పిలిచాను. హాలంతా నిండిపోతే ఇద్దరం వెనకాల గోడకి ఆనుకుని కూర్చున్నాం. పాస్టర్ గారు కారు దగ్గర ప్రార్థన చేసి వచ్చాక, అంకుల్ లేచి గొంతు సవరించుకున్నారు.

"మేం అడిగింది ఒక్క కారేనండి. కానీ దేవుడేం చేశాడండీ? చైనాలో అంతంత పెద్ద కంపెనీలకి ఒకదానికొకటి పోటీ పెట్టి, మన కోసం రేటు మూడుసార్లు దించాడండీ!"

"ఆమెన్!" అంది హాలంతా.

నేను నవ్వుతూ అదంతా ఇంగ్లీషులో ఆమె చెవిలో చెప్పాను. ఒక్క ముక్క కూడా వదల్లేదు. ఆమె తల వంచుకుని, "దించినవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు" అంది.

జోక్ అనుకున్నాను. అందరూ ప్లేట్లు పట్టుకునే వేళకి ఆమె నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళి, డిక్కీ తెరిపించి, మ్యాట్ ఎత్తి, పక్కనున్న మూత తీసి చూపించింది. లోపల వైర్ల కట్ట ఉంది. దాని మీద నల్లటి టేపు, జానెడు జానెడు ఎడంగా చుట్టి ఉంది.

"మా నాన్న పనిచేసిన ఫ్యాక్టరీలో ఈ వైర్లే కట్టేవాళ్ళు. మొదట్లో టేపు ఎక్కడా సందు లేకుండా చుట్టేవాళ్ళు. కార్ల కంపెనీ ఏటా ధర తగ్గించమనేది. తగ్గించాలంటే టేపు ఎడంగా చుట్టాలి, మనుషుల్ని తగ్గించాలి. ఎడంగా చుట్టినా కారుకేమీ కాదు. ఆయన అదీ చేశాడు, జీతమూ తగ్గించుకున్నాడు. అయినా రెండు నెలల కిందట ఫ్యాక్టరీ మూసేశారు."

ఇక అద్దెకి డబ్బు పంపలేం, ఈ సెమిస్టర్ అవగానే వచ్చేయమని వాళ్ళమ్మ చెప్పిందట. డిగ్రీకి ఇంకొక్క సెమిస్టరే మిగిలింది. నాకు ధరలు తగ్గిన వార్తలు చదివి వినిపించింది ఈ పిల్లే. అవి విని చప్పట్లు కొట్టింది నేను. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం అంటే ఏమిటో ఆ డిక్కీ ముందు నిలబడి తెలుసుకున్నాను. ముందు మాత్రం ఆమె మీదే అరిచాను, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని. నా మీద నాకే కోపమొస్తే ఎదుటివాళ్ళ మీద అరవడం నాకు అలవాటు.

ఆ అరుపుకి ఆంటీ పరుగెత్తుకొచ్చారు. "ఏమైందే? ఎందుకా పిల్లని అలా కసురుతున్నావ్?" అన్నారు. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి అంకుల్‌కి చెప్పారు. అంకుల్ చేతిలోని ప్లేటు కింద పెట్టి, హాలు మధ్యకి వచ్చారు.

"ఇందాక నా సాక్ష్యంలో ఒక తప్పు చెప్పానండి. రేటు దిగింది ఊరికే కాదండి. ఒకాయన ఉద్యోగం పోయిందండి. ఆయన కూతురు మన ఇంట్లోనే ఉంది. పాస్టర్ గారూ, ఆయన కోసం ప్రార్థన చేయాలండి."

ఆయన పేరేమిటని పాస్టర్ గారు అడిగారు. ఆమె చెప్పింది. ఆ పేరు పలకడానికి అంకుల్ నాలుగుసార్లు ప్రయత్నించారు. ఎవరూ నవ్వలేదు. చల్లారిపోతున్న బిర్యానీ ప్లేట్లతోనే అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఆంటీ నాతో అన్నారు, "కుట్టు మిషన్ గరాజ్‌లోకి పంపిస్తే ఆ చిన్న గదిలో మంచం పడుతుంది. రమ్మని చెప్పు. అద్దె మాటెత్తితే మాత్రం ఊరుకోను." చివరి సెమిస్టరంతా ఆమె ఆ గదిలోనే ఉంది. పొద్దున్నే అంకుల్ ఇద్దరినీ అదే కారులో స్టేషన్ దగ్గర దింపేవారు. స్లైడు పేరు మాత్రం క్లాసులో చూపించకముందే మార్చేశాం. కొత్త పేరు ఆమే పెట్టింది, నేను నోరు మూసుకున్నాను. ఆ ఇంటికి నేను ఎన్నిసార్లు దండం పెట్టుకున్నా తక్కువే.

డిగ్రీ పట్టా తీసుకున్న రోజు ఇంటి ముందు నిలబడి ఆమె వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసింది. సన్నగా, తెల్లబడిన జుట్టుతో ఉన్నాడాయన. వాషింగ్ మెషీన్లకి వైర్లు కట్టే చిన్న ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడట. కారు చూపించమన్నాడు. అంకుల్ ముందు భాగం చూపించబోతే కాదని డిక్కీ చూపించమన్నాడు. మ్యాట్ ఎత్తారు. ఫోన్ దగ్గరగా పెట్టారు. ఆయన కళ్ళు చిట్లించి చూసి, ఏదో అన్నాడు.

"చుట్టినవాళ్ళకి పని బాగా వచ్చు అంటున్నారు," అని ఆమె మాకు చెప్పింది.

ఆ తర్వాత ఆయన ఇంకొకటి అడిగాడు. ఆమె కాస్త తటపటాయించి, "కారు ఎంత పడిందని అడుగుతున్నారు అంకుల్" అంది.

అడగకముందే ఊరంతా చెప్పుకొచ్చిన మనిషి అంకుల్. ఒకసారి కారు వైపు చూశారు, ఒకసారి ఫోన్ వైపు చూశారు.

"మంచి ధరే ఇచ్చాం అని చెప్పమ్మా," అన్నారు చివరికి.

ఆ ధర ఆమెకి డాలరుతో సహా తెలుసు, నేను పట్టికలో ఎక్కిస్తుంటే పక్కనే ఉంది. అయినా అంకుల్ ఏం చెప్పమన్నారో అదే వాళ్ళ నాన్నకి చెప్పింది.