బెల్లంపల్లిలో బెల్లం దొంగ

రాజేశం ఎదుటివాడి చేతిలో తీపి కనబడితే చాలు, గుంజుకుంటాడు. అడగడు, బతిమాలడు. గద్ద కోడిపిల్లను తన్నుకుపోయినట్టు తన్నుకుపోతాడు. మిగతా విషయాల్లో వంక పెట్టలేని మనిషి. చావైనా పెళ్లయినా ముందుగా చెయ్యేసేది ఆయనే. ఈ ఒక్క గుణం మాత్రం పోయిన ఎండాకాలం ఎక్కడినుంచి ఊడిపడిందో ఎవరికీ తెలియదు. "ఊరి పేరుల్నే బెల్లం ఉన్నది, నేనేం జెయ్యాలె?" అని నవ్వేవాడు.

బొగ్గు బాయిలో, అంటే గనిలో, దిగేవాళ్లకు తాతల నాటి నమ్మకం ఒకటుంది. షిఫ్టు దిగగానే బెల్లం నమిలితే గొంతులో పేరుకున్న దుమ్ము జారిపోతుందని. రాజేశంతోపాటు ఒకే బస్సులో బాయికి వెళ్లే సామ్యూల్ ఈ నమ్మకానికి పెద్ద భక్తుడు. ఆయన పని పంపు దగ్గర కూర్చుని నీళ్లు తోడించడం. "నీళ్ల కాడ దుమ్మెక్కడిదే?" అని అడిగితే, "వచ్చినంక తింటె ఏం ఫాయిద? రాకముందే తినాలె" అనేవాడు. వయసులో ఉన్నప్పుడు కుస్తీ పట్టాడని అందరూ పహిల్వాన్ అంటారు. కుస్తీ పోయి పొట్ట వచ్చింది, పేరు మాత్రం నిలబడింది.

ఆ పహిల్వాన్‌కే రాజేశం చేతిలో రోజూ ఓటమి. సామ్యూల్ జేబులోంచి బెల్లం తీయడం ఆలస్యం, అది రాజేశం చేతిలో ఉండేది. పొట్ట విషయంలో సామ్యూల్‌కు పోటీ వచ్చే తోటి కార్మికుడు హనుమండ్లుకూ అదే గతి. విచిత్రం ఏమిటంటే, అదే బస్సులో వచ్చే బక్కపలచని ప్రణయ్ జిలేబీ పొట్లం ముందుపెట్టి "తినే రాజేశన్నా" అన్నా, "వద్దు తమ్మీ, నువ్వే తిను" అని తప్పుకునేవాడు. "గుంజుకున్నదే రుచి గావొచ్చు" అని హనుమండ్లు ఏడవలేక నవ్వేవాడు.

సామ్యూల్ ఎత్తులు వేశాడు. ఒకరోజు బెల్లం ముక్కను తలమీది గట్టి టోపీలో దాచాడు. లోపలి ఉక్కకు అది కరిగి, బొగ్గుదుమ్ముతో కలిసి నల్లగా, ఎర్రగా నుదుటి మీదికి కారింది. పని చూసే ఓవర్‌మన్ చూసి గుండెలు బాదుకున్నాడు.

"తల పగిలింది! స్ట్రెచర్ తేండ్రి!"

"నాకేం గాలే సార్," అన్నాడు సామ్యూల్.

"మాట్లాడకు! రక్తం పోతుంది!"

రాజేశం వచ్చి వేలితో తుడిచి వాసన చూశాడు. "రక్తం కాదు సార్. మెట్‌పల్లి బెల్లం." అని, టోపీతో సహా పట్టుకుపోయాడు. వారం రోజులు చీమలు సామ్యూల్‌ను వదల్లేదు.

నవ్వులాటే అయితే సామ్యూల్‌కూ బాధ ఉండకపోను. ఆ ఎండాకాలంలోనే కార్మికులందరికీ వైద్యపరీక్షలు జరిగాయి. ఛాతీకి వైర్లు పెట్టి ఈసీజీ తీశాక డాక్టర్ గొంతు తగ్గించి చెప్పాడు. షుగరుంది, బీపీ ఉంది, పొట్ట పెరిగింది. మూడూ కలిసి గుండెను ఇబ్బంది పెడుతున్నాయి, కొట్టుకోవడంలో లయ తప్పుతోంది. తీపి మానేసి, రోజూ నడిచి, మందులు వాడి మళ్లీ రావాలి, ఆలస్యం చేస్తే ప్రమాదం. సామ్యూల్ బయటికొచ్చి డాక్టర్ రాసిచ్చిన చీటీ మడిచి బైబిల్ సంచిలో అడుక్కి తోశాడు. భార్య దెబోరాకు కూడా చెప్పలేదు. పహిల్వాన్‌కు గుండెజబ్బా? అప్పుడప్పుడు ఛాతీలో కోడిపిల్ల రెక్కలు కొట్టుకున్నట్టయ్యేది. భయమేసేది. భయం పోవడానికి ఇంకో ముక్క బెల్లం తినాలనిపించేది.

ఈలోగా కూతురు లిడియాకు కొడుకు పుట్టాడు. సామ్యూల్ జిలేబీలు తెచ్చి బాయి గేటు దగ్గర అందరికీ పంచాడు. చివరికి తాతగా తన వంతు తీసుకుని నోటి దాకా తెచ్చాడు. గద్ద రానే వచ్చింది. జిలేబీతోపాటు పొట్లంలో మిగిలినవీ మాయం.

ఈసారి సామ్యూల్‌కు నవ్వు రాలేదు. "థూ, తిండిపోతు! మనుమడు పుట్టిన సంబురం సుత మింగినవు! ఇగ నా ఇంటి గడప తొక్కకు!"

రాజేశం పొట్లం చంకలో పెట్టుకుని, "మనుమడు తాత పోలికేనా?" అని నవ్వుతూ బస్సెక్కాడు.

ఆ మాట అన్నందుకు సామ్యూల్‌కే నిద్ర పట్టలేదు. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా రాజేశం క్వార్టర్‌కు వెళ్లాడు. తలుపు తీసింది రాజేశం భార్య సరోజన.

"మంచిగొచ్చినవే అన్నా! మీ దోస్తుకు నువ్వన్న చెప్పు. గీ కోళ్లను ఖరాబ్ జేసిండు. గుడ్లు పెడ్తలేవు. కూసున్న కాడికెల్లి లేస్తలేవు."

పెరట్లో రాజేశం గొంతుక్కూర్చుని జిలేబీ తుంచి కోళ్లకు వేస్తున్నాడు. పక్కన మట్టి అంటిన బెల్లం ముక్కలు. కోళ్లు పహిల్వాన్లలా ఉన్నాయి.

"నువ్వు తినవా?" అన్నాడు సామ్యూల్, అయోమయంగా.

"ఆయనా?" అంది సరోజన. "తీపంటెనే పడదు. చాయ్‌ల చక్కెర సుత వెయ్యనియ్యడు."

రాజేశం లేచి చేతులు దులుపుకున్నాడు. భార్య లోపలికి వెళ్లేదాకా ఆగి, మెల్లగా అన్నాడు.

"ఈసీజీ తీసిననాడు నీ ఎన్క లైన్ల నేనే ఉన్న. పరదా ఇవుతల. డాక్టర్ చెప్పింది ఇనబడ్డది. హనుమండ్లుది సుత ఇన్న."

"మరి చెప్పచ్చు గద! తినకురా అంటె అయిపోతుండె."

"నలుగుర్ల చెప్తె నువ్వు రోగివైతవు. రేపటి సంది పహిల్వాన్ అనుడు బంజేసి పాపం సామ్యూల్ అంటరు. గది నువ్వు తట్టుకుంటవా?" రాజేశం నవ్వాడు. "నన్ను తిండిపోతంటె నాకేం తక్కువైంది?"

సామ్యూల్ వంగి, కింద పడ్డ జిలేబీ తునక తీసి తానే ఓ కోడికి వేశాడు. ఇంటికెళ్లి చీటీ తీసి దెబోరా చేతిలో పెట్టాడు. ఆమె తిట్టిన తిట్లకు రాజేశం దొంగతనాలు ఏ మూలకూ చాలవు. మరునాడు ఆమే ఆస్పత్రికి నడిపించి తీసుకుపోయింది. వెనక రాజేశం, ఆయన వెనక రెక్క పట్టి లాక్కొచ్చిన హనుమండ్లు.

మందులు మొదలయ్యాయి. నడక మొదలైంది. ఒకరోజు షిఫ్టు దిగాక, పాత అలవాటు పోక కొనుక్కున్న బెల్లం ముక్కను సామ్యూల్ తానే తీసి, బుద్ధిగా రాజేశం ముందు చెయ్యి చాపాడు.

"తీస్కో. నీ కోళ్లకెయ్యి."

రాజేశం మొహం వాడిపోయింది. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. "గిట్లిస్తె మజా ఏముంటది? జేబుల పెట్టు."

"ఎందుకు?"

"గుంజుకుంట."